మాడిన గుడ్డల బొమ్మ

తెర మీద అమ్మ చెయ్యి ఇస్త్రీపెట్టెను ముందుకు తోస్తుంటే గైడు మాస్టారు నోరంతా తెరిచి ఆవలించాడు. ఏడాదంతా ఒక్కసారైనా ఈ బొమ్మలు వేసిన పిల్ల బల్ల దగ్గరికి రాని మహానుభావుడు! ఈ రోజు ఆయన సంతకం పడితేనే ఆమె యానిమేషన్ ప్రాజెక్టు గట్టెక్కుతుంది. లేకపోతే డిగ్రీ చేతికి రాదు.

లాండ్రీలో ఇస్త్రీ చేసే అమ్మను బొమ్మల్లో కదిలించాలని ఆమె పట్టుదల. కాగితం మీద గీసింది, బొగ్గుతో గీసింది, కంప్యూటర్లో గీసింది. ఎలా గీసినా అమ్మ దూదిలా తేలిపోయింది. సెలవులన్నీ లాండ్రీలోనే ఓ మూల కూర్చుని, అమ్మ భుజం ఎక్కడ వంగుతుందో, ఊపిరి ఎప్పుడు బిగబడుతుందో చూసింది. చివరికి పాత దుప్పట్లు చింపి, కాలే ఇస్త్రీపెట్టె కొసతో గుడ్డనే మాడ్చి బొమ్మలు వేసింది. ఆ ముక్కల్ని ఒక్కొక్కటే ఫొటో తీసి వరసగా కలిపితే అమ్మ బరువుగా, ఆయాసంగా, నిజంగా కదిలింది.

"గుడ్డ మాడకుండా చూసుకోలేక ఇన్నేళ్లూ చచ్చాను. ఇప్పుడు నా పెట్టెతోనే మాడుస్తావేంటే!" అని అమ్మ తిట్టింది. తిడుతూనే పెట్టె వేడి చేసి ఇచ్చింది.

"బానే ఉందిలే," అన్నాడు మాస్టారు. "మీ అమ్మ ఏడవదేం? చివర్లో ఓ కన్నీటి చుక్క పెట్టు. బీదవాళ్లు ఏడిస్తేనే బహుమతులొస్తాయి. దర్శకత్వం అని నా పేరు వెయ్యి. ఇక్కడ అందరూ వేసేదేగా."

నిజమే, అందరూ వేశారు. ఆయన గది గోడ నిండా బహుమతులే. బహుమతులొచ్చిన ఆ బొమ్మల్లో ఒక్క గీతైనా ఆయన గీసింది కాదు. ఛీ, అదీ ఒక బతుకేనా!

"మా అమ్మ మీ వెనకే కూర్చుంది సార్. ఏడవమని మీరే చెప్పండి."

ఆయన తల కూడా తిప్పలేదు. "సంతకం కావాలా, అక్కర్లేదా?"

పిల్ల బల్ల మీదున్న ప్రాజెక్టు కాగితం వైపు చూసింది. మళ్లీ ఏడాది ఫీజు ఎవరు కడతారు? అయినా నోరు పెగిలింది.

"మీ పేరు వెయ్యను సార్. చుక్కా పెట్టను."

కలం మాస్టారి జేబులోకి పోయింది.

వెనక నుంచి అమ్మ లేచి వచ్చి, ఆయన్ని పైనుంచి కిందదాకా చూసింది.

"ఈయన కోసం నేను ఏడవాలా?" అని ఫక్కున నవ్వింది.

పిల్ల మాడిన గుడ్డల మూట చంకన పెట్టుకుంది. సంతకం లేని కాగితం బల్ల మీదే ఉండిపోయింది.