నొప్పి అందుకోలేని గేరు

రిటైరైన బస్సు డ్రైవరు రోజూ భోజనాలయ్యాక తన పాత కారు బయటికి తీసేవాడు. పక్క సీట్లో భార్య నడుం వెనక దిండు సర్దుకుని కూర్చునేది. ఊరు దాటి, కారు నాలుగో గేరులో పడగానే ఆవిడ నడుం నొప్పి రోడ్డు మీద వెనకబడిపోయేది. ఆ గేరులో ఆ కారుని ఎవరి నొప్పీ అందుకోలేదు. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. పంటి నొప్పుల వాళ్లయితే వెనక సీటు కోసం పోట్లాడుకునేవాళ్లు. ఇల్లు చేరిన కాసేపటికి నొప్పులు కూడా కాళ్లీడ్చుకుంటూ వచ్చి, ఎవరి మనుషుల్ని అవి వెతుక్కునేవి.

ఇంకాస్త దూరం వెళితే ఆవిడకి ఇంకాస్త సుఖమని, ఆయన ఆ ముసలి కారుకి పెద్ద ఇంజను ఎక్కించాడు. అక్కణ్ణుంచి పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి కష్టాలు మొదలయ్యాయి. నాలుగో గేరంటే ఓవర్‌డ్రైవ్, చక్రాలు జోరుగా తిరుగుతున్నా ఇంజనుకి విశ్రాంతినిచ్చే గేరు. అదే మాటిమాటికీ కాలిపోయేది. ఈసారి కాలాక ఆవిడ మంచం దిగలేదు. పాపం, పడుకున్నా నిద్ర లేదు.

షెడ్డులో మెకానిక్ అమ్మాయి గేర్‌బాక్స్ విప్పి, మాడిపోయిన క్లచ్ ప్లేటు ఆయన చేతిలో పెట్టింది.

“బాబాయ్, నిజం చెప్పు. గేరు మెత్తగా పడాలని ఆయిల్ ప్రెషర్ తగ్గించావు కదూ?”

“తగ్గించక? కుదుపొస్తే మీ పిన్ని నడుం ఏమైపోవాలి?”

“అదే కొంప ముంచింది. ప్రెషర్ చాలకపోతే ప్లేట్లు గట్టిగా పట్టుకోవు. జారతాయి, జారి కాలతాయి. అంత ఇంజను పెట్టి ఇంత గారాబం చేస్తే ఎలా?”

ఆయన మొహం చిన్నబోయింది. ప్రేమ అనుకుంటూ ఇన్నాళ్లూ తనే తగలబెట్టుకున్నాడన్నమాట.

ఫోన్లో సంగతి విని భార్య విసుక్కుంది. “ఒక్క కుదుపుకి చచ్చిపోతానా ఏమిటండీ? గట్టిగానే చెయ్యమనండి.”

మెకానిక్ గట్టిగానే చేసింది. ప్లేట్లు పెంచింది, లోపలి షాఫ్టు మార్చి లావుపాటిది వేసింది. ఆయిల్ కాగిపోకుండా ముందువైపు పెద్ద కూలర్ తగిలించి, చివరికి ఆయన కళ్లముందే ప్రెషర్ పెంచింది.

మర్నాడు ఊరు దాటాక గేరు దబ్బుమని పడింది. ఆవిడ “అమ్మో!” అంది, వెంటనే నవ్వేసింది. కారు మునుపెన్నడూ వెళ్లనంత దూరం వెళ్లి, మరో దారిన తిరిగొచ్చింది. ఇంట్లో ఇద్దరూ కూర్చుని నొప్పి కోసం ఎదురుచూశారు. జాడ లేదు. చూసి చూసి ఆవిడ కుర్చీలోనే, నోరు కాస్త తెరుచుకుని, హాయిగా నిద్రపోయింది.

చీకటి పడుతుండగా గేటు చప్పుడైంది. నొప్పి వచ్చింది. ఒళ్లంతా దుమ్ము, ఒకటే ఆయాసం. తిన్నగా ఆవిడ వైపు నడవబోతుంటే ఆయన లేచి అడ్డం నిలబడ్డాడు.

“ఎన్నాళ్లకో కన్నంటుకుంది దానికి. ఈ పూటకి నా దగ్గరుండు.”

నొప్పి కూడా బాగా అలిసిపోయినట్టుంది, బేరమాడలేదు.

పొద్దున ఆవిడ లేచేసరికి ఆయన గోడ పట్టుకుని నడుస్తున్నాడు. చూడగానే ఆవిడకి ఏడుపొచ్చింది, ఆ వెనకే కోపమూ వచ్చింది.

“నన్నో మాటైనా అడగకుండా తీసేసుకుంటారా? తాళాలిటివ్వండి.”

“నువ్వు నడుపుతావా?”

“పెళ్లికి ముందే నేర్చుకున్నా. మీరెప్పుడైనా ఇస్తేగా!”

ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టి ఆవిడ స్టీరింగ్ పట్టింది.

ఇప్పుడు నొప్పి గేటు తీసే వేళకి ఇద్దరూ మెలకువగానే ఉంటున్నారు. ఒకరోజు ఆయన, ఒకరోజు ఆవిడ లేచి ఎదురెళతారు.