బంతిపూల దండ, మూడు గుంపులు

నేను ఒక స్టీలు గొట్టాన్ని. మూరెడు పొడుగు, బొటనవేలు దూరేంత బోలు. గొట్టమే కదా అని తీసిపారేయకండి. విశాఖపట్నం ఆటోనగర్లో లేత్ మీద నన్ను నునుపు చేసిన మేస్త్రి కూడా నేను ఏ నీళ్ల పంపుకో పోతాననుకున్నాడు. తీరా నేను చేరింది కెమికల్ ఇంజనీరింగు ల్యాబుకి! నా కడుపులో తెల్లటి పలుకులు నింపి, చుట్టూ కరెంటు పొయ్యి బిగించి, పైనుంచి చిక్కటి నూనె వదిలేవారు. ఆ వేడికి, ఆ పలుకుల మహిమకి నూనె విరిగి, కింద నుంచి పెట్రోలూ గ్యాసూ వచ్చేవి. మిగిలిన మసి నా కడుపుకే అంటుకునేది.

ఆ నూనెలో ఎన్ని రకాల అణువులుంటాయో లోపల ఉన్న నాకే తెలియదు. వేలకు వేలు. ఒక్కొక్కటీ ఎంత వేగంగా విరుగుతుందో లెక్క కట్టాలంటే మనిషికి ఒక జన్మ చాలదు. అందుకని వీళ్లు ఒక ఉపాయం పన్నారు. విరగని నూనెంతా ఒక గుంపు, పెట్రోలు ఒక గుంపు, గ్యాసూ మసీ కలిపి ఇంకో గుంపు. ఏ గుంపు ఎంత వేగంగా ఇంకో గుంపులోకి మారుతుందో చెప్పే లెక్కకి ‘మోడల్’ అని పేరు. మొదట్లో నాకు నవ్వొచ్చింది. కందిపప్పును గింజలు ఎంచకుండా గిద్దెతో కొలిచినట్టు, ఇదేం లెక్క అనుకున్నాను. కానీ సుజన చేతిలో ఆ లెక్క నిజమయ్యేది. రేపు ఎంత పెట్రోలు వస్తుందో ఇవాళే చెప్పేది, అంతే వచ్చేది.

సుజన పరిశోధన విద్యార్థిని. థీసిస్ వేసవికల్లా ఇవ్వాలి. గడువు ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు. అలాంటి సమయంలో దసరా వచ్చింది.

ఆయుధ పూజ నాడు ల్యాబ్ అటెండర్ అప్పలనర్సయ్య మాకందరికీ పసుపు రాసి బొట్లు పెట్టాడు. నేనంటే ముద్దు కాబోలు, నాకు మాత్రం బంతిపూల దండ. దాంతోనే వచ్చింది తంటా. నా లోపలి వేడి ఎంతో చెప్పే సన్నటి కడ్డీ ఒకటి నా నడినెత్తిన దిగి ఉంటుంది. దండ జారిపోతోందని ఆయన ఆ కడ్డీని కాస్త పైకి లాగి, దాని మెడకి చుట్టాడు. మర్నాడు దండ తీశాడు గానీ కడ్డీని కిందికి నొక్కలేదు.

ఇక చూడండి నా పాట్లు. కడ్డీ కొస పైన చల్లటి చోట ఉండిపోయి, వేడి చాలదు చాలదని చెబుతుంది. పొయ్యి దాని మాట నమ్మి ఇంకా మండుతుంది. నా ఒళ్లు కాలిపోతోందని చెప్పడానికి నాకు నోరేదీ? పెట్రోలు తగ్గి, గ్యాసూ మసీ పెరిగాయి. సుజన లెక్క తప్పింది. నెలల తరబడి తప్పుతూనే ఉంది.

ప్రొఫెసర్ జగ్గారావు గారు, “మూడు గుంపులు చాలవమ్మా, పది చెయ్యి,” అన్నారు. పది చేసింది. అచ్చు గుద్దినట్టు కుదిరింది. ఆయన సంతోషించారు. ఆ పిల్ల మాత్రం నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటూ ఉండిపోయింది. గుంపులు పెంచుకుంటూ పోతే ఏ లెక్కయినా కుదురుతుందని ఆమెకి తెలుసు.

ఒక మధ్యాహ్నం మళ్లీ పాత మూడు గుంపులే తీసుకుని, కాగితం మీద వేడి ఒక్కటీ పెంచి చూసింది. మూడూ చక్కగా దారికొచ్చాయి. సుజన లేచి వచ్చి నా నెత్తి వైపు చూసింది. ఎంత లోతుకు దించాలో కడ్డీ మీద గీసిన గీత, బిగింపు నట్టుకి రెండు వేళ్లు పైనుంది. నట్టు కింద ఎండిన బంతిరేకు ఒకటి ఇరుక్కుని ఉంది.

“ఏటమ్మా, నా దండ వల్లేనా?” అన్నాడు అప్పలనర్సయ్య. నా దగ్గరికొచ్చి ఆ రేకుని వేలితో తీశాడు. “నీ సదువు పాడుసేసీసినానా తల్లీ?”

“నేనూ చూసుకోలేదు కదా బాబాయ్,” అంది సుజన.

అన్నీ మళ్లీ చేస్తానంటే ప్రొఫెసర్ గారు ఒప్పుకోలేదు. “పది గుంపులతో కుదిరిందిగా. అంత పనీ పారబోస్తావా? గడువు దాటితే నేనేం చెయ్యలేను.”

“తప్పు వేడి మీద కుదిరిన లెక్క నాకొద్దండీ.”

దసరా తర్వాత చేసినవన్నీ మళ్లీ చేసింది. నన్ను కడిగి, నింపి, పక్కన నిలబడింది అప్పలనర్సయ్యే. వేసవి సెలవుల ముందు, గడువు చివరి రోజున థీసిస్ ఇచ్చింది. అందులో మూడు గుంపులే ఉన్నాయి.

తర్వాత ఆమె అక్కడే పాఠాలు చెప్పింది. ప్రతి దసరాకీ దండ అప్పలనర్సయ్య చేతే కట్టించేది. మర్నాడు దండ తీశాక ఆయన కడ్డీ మీద బొటనవేలు ఆనించి, “గీత కాడే ఉందమ్మా,” అని గట్టిగా చెప్పేవాడు. పదవీ విరమణ చేశాక కూడా దసరాలకి వచ్చి ఆ మాట చెప్పి వెళ్లాడు. ఈ ఏడు రాలేదు. శ్రావణంలో పోయాడట.

నేనూ పాతబడ్డాను. ఇప్పుడు ల్యాబ్ వెనక పాత ఇనుము కుప్పలో ఉన్నాను. కొనుక్కునేవాడు కూడా మూడు గుంపులే చేశాడు: ఇనుము, రాగి, అల్యూమినియం. స్టీలునైన నన్ను ఇనుములో పడేశాడు. వాడి లెక్క వాడిది.

దసరా మర్నాడు పొద్దున్నే సుజన వచ్చింది. కుప్పలోంచి నన్ను బయటికి లాగి, వదులైపోయిన కడ్డీని కిందికి నొక్కి, గీత మీద బొటనవేలు ఆనించింది.

“ఇంకేటి సూస్తన్నారమ్మా అందులో, అది పనికిరాదు కదా,” అన్నాడు కొనుక్కునేవాడు.

ఆమె అతని వైపు తిరగకుండానే, “గీత కాడే ఉంది బాబాయ్,” అంది.