సూరీడమ్మ మైనం గిన్నె

నేను ఒక సత్తు గిన్నెను. పదిమందికి అన్నం ఉడికించగల కడుపు, రెండు చెవులు, ఒక మూత. ఇదీ నా ఆస్తి. రేకుగా ఉన్న నన్ను గుండ్రంగా కత్తిరించి, మర మీద తిప్పి తిప్పి ఈ ఆకారానికి తెచ్చారు. అంతకు మునుపు నేనేమిటో నాకు తెలియదు. కొన్ని గిన్నెలు తాము ఒకప్పుడు విమానం రెక్కలమని గొప్పలు చెప్పుకుంటాయి. నాకు అలాంటి భ్రమలు లేవు.

సాలూరు సంతలో నన్ను కొన్నది సూరీడమ్మ. కొనేముందు వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. తరువాత ఆకాశంకేసి ఎత్తి, చిల్లులేమైనా ఉన్నాయేమోనని ఒక కన్ను మూసి నా లోపలికి చూసింది. అప్పటికి దుకాణంలో నలుగురు నన్ను చూసిపోయారు గాని, అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. ఈ మనిషి దగ్గర నాకు అన్యాయం జరగదనుకున్నాను.

మూడు నెలలు అన్నం వండాను. ఆ తరువాత సూరీడమ్మ పెనిమిటి దేముడికి ఒక ఆలోచన వచ్చింది.

దేముడు తేనె వ్యాపారం చేసేవాడు. కొండ మీద గూడేలవాళ్లు సంతకు తెచ్చే తేనెపట్లు కొని, పిండి, వడగట్టి పట్నానికి పంపేవాడు. పిండగా మిగిలిన పిప్పిని పశువుల శాల వెనక పారేసేవాడు. తేనె అంటిన వేళ్లను మాత్రం ఒక్కొక్కటే శుభ్రంగా నాకేవాడు. తేనెటీగలు ఎంత తేనె తాగి అంత మైనం చేస్తాయో మనుషులకు లెక్కలేదు. ఒకనాడు ఆ పిప్పిలోంచి మైనం తియ్యవచ్చని ఎవరో చెబితే, ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి, చేతికందిన గిన్నెను పొయ్యి మీద పెట్టాడు. ఆ గిన్నె నేనే. చుక్క నీళ్లు పొయ్యలేదు. పిప్పి అంతా కుక్కి, కింద కంప మంట వేశాడు.

కాసేపటికి నాలోంచి పొగ లేచింది. పొంగిన మైనం మంటలో పడి భగ్గుమంది. దేముడు బెదిరిపోయి తడి గోనె ఒకటి నా మీద పడేసి, కర్రతో నన్ను పొయ్యి మీంచి తోసేశాడు. వెళ్లి రుబ్బురోలుకు తగిలాను. అంచుకు కాస్త కింద, చెవి పక్కన, అరచేయంత సొట్ట పడింది.

పొలం నుంచి వచ్చిన సూరీడమ్మ గుమ్మంలోనే ఆగింది.

"ఏటి సేసినావు?"

"మైనం తీద్దారని."

"మైనం ఏదీ?"

దేముడు నా లోపలికి వంగి చూశాడు. మాడిన ఈగ రెక్కలు, నల్లటి జిగురు తప్ప అక్కడ ఏమీ లేదు. చుట్ట ముట్టించుకుని శాలలోకి వెళ్లిపోయాడు.

సూరీడమ్మ నన్ను మూడు రోజులు తోమింది. బూడిద, చింతపండు, కొబ్బరి పీచు అన్నీ అయ్యాయి. నాలుగో రోజు అన్నం వండితే ఆ వాసన పోలేదు. ఒక ముద్ద తిని కంచం పక్కన పెట్టి, "ఇంక ఇది అన్నానికి పనికిరాదు. మైనానికే ఉంటాది," అంది. శిక్ష నాకు పడింది. తప్పు చేసినవాడికి వేరే గిన్నెలో అన్నం వండి పెట్టింది. మనుషుల న్యాయం గురించి నాకు తెలిసిన మొదటి సంగతి అది.

అయితే ఆ మాట ఆమె ఊరికే అనలేదు. మైనానికే అన్నది కదా, మైనం తియ్యడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు. పాడుచేసుకుంటూ నేర్చుకుంది. పిప్పిని ముందు ఒక రోజంతా నీళ్లలో నానబెట్టాలని, అలా చేస్తే మిగిలిన తేనె నీళ్లలోకి దిగి గేదె కుడితికి పనికివస్తుందని కనిపెట్టింది. పాత పంచెతో సంచి కుట్టి, పిప్పిని అందులో పోసి, మూతి బిగించి, నాలో నీళ్లు పోసి ముంచి, పైకి తేలకుండా ఒక రాయి పెట్టేది. సన్నని సెగ మీద గంటసేపు కాగితే గుడ్డలోంచి మైనం ఊరి, నీళ్ల మీద పసుపు చుక్కలుగా తేలేది. ఆ చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి పలకలాగా పరుచుకునేవి. అప్పుడు తెడ్డుతో సంచిని అదిమేది. నల్లటి పిప్పి సంచిలోనే ఉండిపోయేది. దాన్ని చిక్కుడు పాదుకు వేసేది.

మొదట్లో తొందరపడి, మంట పెంచి నీళ్లు కుతకుత తెర్లనిచ్చింది. మైనం, నీళ్లు కలిసిపోయి జావలాగా తయారైంది. మరొకసారి నూతి నీళ్లు పోస్తే బిళ్ల అడుగంతా బూడిద రంగుకు తిరిగి పొడిపొడిగా రాలింది. ఆ ఉప్పనీళ్లు మానేసి, ఊరి పక్కన పారే గెడ్డ నుంచి బిందెతో తెచ్చుకోవడం మొదలుపెట్టింది. దించిన వెంటనే నన్ను గాలికి వదిలేస్తే పైన పగుళ్లు వస్తున్నాయని మూతపెట్టి, చుట్టూ గోనె కప్పి, మర్నాటి పొద్దున వరకూ కదల్చేది కాదు. నెమ్మదిగా చల్లారితే మురికంతా కిందికి దిగుతుంది. పొద్దున్నే బిళ్లను లేపి, అడుగున పట్టిన మురికిని కత్తితో గీకి, మళ్లీ కొత్త నీళ్లలో కరిగించి, మెత్తని గుడ్డలో వడగట్టేది. రెండో కాపుకో మూడో కాపుకో పొద్దుతిరుగుడు రేకుల రంగులో బిళ్ల వచ్చేది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొండపూల వాసన.

ఆ బిళ్లకు ఒక గుర్తు కూడా ఉండేది. నా సొట్ట లోపలికి పొంగి ఉంది కదా, సరిగ్గా మైనం తేలే చోట. అందుచేత నాలో పేరుకున్న ప్రతి బిళ్ల అంచునా ఎవరో కొరికినట్టు నెలవంక పడేది. దారానికి మైనం పట్టించి సంతలో చెప్పులు కుట్టే తవుడు, దర్జీలు, పట్నం కొట్టాయన, అందరూ ఆ నెలవంక చూసి బిళ్ల తీసుకునేవారు. ఆరేళ్లు అలా గడిచాయి. తేనె వ్యాపారం దేముడిదే అయినా, "మైనం సూరీడమ్మ మొగుడు" అంటేనే ఆయన్ని సంతలో గుర్తుపట్టేవారు. అది ఆయనకేమీ కష్టంగా ఉండేది కాదు.

ఏడో ఏట, వైశాఖంలో, ఒక మంగళవారం సంతకు వెళ్లిన సూరీడమ్మకు తవుడు బిళ్లను తిరిగి ఇచ్చేశాడు. ఆమె ముఖంలోకి చూడకుండా చెప్పాడు.

"ఏటనుకోకు అప్పా. నీ మైనం కల్తీదని ఈణల బంగారయ్య పదిమందిలో అన్నాడు. నీ మైనంతో ఈణకి కట్టిన మెట్లు కుంగిపోనాయట."

"నీ దారం ఏటంటోంది?"

"దారం బాగానే ఉంది."

"మరి దారం మాట ఇంటావా, బంగారయ్య మాట ఇంటావా?"

తవుడు చేతిలో చెప్పు తిప్పుకుని కుట్టు మొదలుపెట్టాడు. ఆ రోజు ఒక్క బిళ్ల కూడా ఎవరూ ముట్టుకోలేదు. పట్లు తెచ్చే కొండ ఆడవాళ్లు కూడా మరోవైపు తిరిగి నిలబడ్డారు. వాళ్ల తప్పు లేదు. మైనం అమ్ముడుపోక దేముడు పట్లు కొనకపోతే వాళ్లు ఆ బరువు మోసుకుని మళ్లీ కొండెక్కాలి, అందుకే వేరే బేరం చూసుకున్నారు.

మర్నాడు తెల్లారగానే సూరీడమ్మ రెండు బిళ్లలు గుడ్డలో కట్టి నాలో వేసి, నన్ను నెత్తిన పెట్టుకుని బయలుదేరింది.

"ఆయన పెద్దోడు. ఆయన్తో తగువేటి?" అన్నాడు దేముడు.

"తగువుకి కాదు. సూపించడానికి."

బంగారయ్యది ఆరు మైళ్ల అవతలి ఊరు. పనసదుంగను తొలిచి వీణలు చేసే కుటుంబం. వసారా నిండా సగం చెక్కిన, కుండల్లాంటి వీణ బుర్రలు, పొడవాటి మెడల్లాంటి దండులు. ఒక చాప మీద పాత వీణ ఒకటి పడుకోబెట్టి ఉంది. దాని దండి మీద రెండు వైపులా నల్లటి మైనపు గట్లు, వాటిలో గుచ్చిన ఇత్తడి మెట్లు. గాలివానకు వాలిన వరిచేనులాగా మెట్లన్నీ ఒకవైపుకు ఒరిగిపోయాయి. వీణ పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆమె పట్నంలో వీణ నేర్పే సుభద్ర పంతులమ్మ. ఆ వీణ ఆమె గురువుగారిది. ఆయన పోయి ఏడాది నిండే రోజున, అంటే వచ్చే ఆదివారం, శిష్యులందరి ముందూ దాని మీదే వాయించాలి. బంగారయ్య చేత మేళం కట్టించి, అంటే మెట్లు కొత్తగా అమర్పించి, నెల తిరగకుండా అవి ఒరిగిపోతే మళ్లీ ఆయన దగ్గరికే తెచ్చింది.

బంగారయ్య సూరీడమ్మను చూసి లేవలేదు.

"నీ మైనమే ఇది. పట్నం కొట్టులో నీ పేరు సెప్పే అమ్మేడు," అని మిగిలిన ముద్దను ఆమె ముందుకు తోశాడు.

సూరీడమ్మ నన్ను కిందికి దించి, తన బిళ్ల ఒకటి తీసి నా సొట్టకు ఆనించి పెట్టింది. చక్కగా సరిపోయింది.

"నా బిళ్లకి ఈ కొరుకుడుంటాది బాబూ. మీ ముద్దకేదీ?"

"అది సగం ముద్దే. కొరుకుడు వాడేసిన సగంలో ఉండొచ్చు కదా?"

మాట సబబైనదే. సూరీడమ్మ ఒప్పుకుంది. నా సాక్ష్యం అంత తేలిగ్గా వీగిపోయిందని నేను చిన్నబోయాను గాని, ఆమె చిన్నబోలేదు.

"అయితే రెండూ కట్టి సూడండి. కొట్టులో కొన్నది ఒక సెక్క మీద, నాది ఒక సెక్క మీద. ఒకే పాటి బొగ్గుపొడి కలపండి. ఒక్కో మెట్టు గుచ్చి, తీగ లాగినట్టు దారంతో రాయి కట్టి ఏలాడదీయండి. ఎండలో వొద్దు. ఎండలో రెండూ కరుగుతాయి. ఈణని ఎండలో ఎవులు పెడతారు? ఈ వసారాలోనే, వడగాలికి ఉంచండి."

పంతులమ్మ మొదటిసారి తల ఎత్తి ఆమెను పరిశీలనగా చూసింది. "ఆవిడ చెప్పినట్టే చెయ్యండి బంగారయ్యగారూ," అంది.

బంగారయ్య స్వయంగా కట్టాడు. రెండు చెక్కల మీద రెండు మెట్లు నిలబడ్డాయి. చూపుకు తేడా లేదు. పొద్దెక్కింది. తలుపులు కొట్టుకునేలా వడగాలి మొదలైంది. బంగారయ్య భార్య చోడంబలి తెచ్చిస్తే సూరీడమ్మ రెండు చెంబులు తాగి, చెంగు ముఖం మీద కప్పుకుని స్తంభం పక్కన పడుకుంది. పావుగంటకోసారి బంగారయ్య లేచి వెళ్లి చూస్తున్నాడు. పంతులమ్మ అక్కడి నుంచి కళ్లు తిప్పలేదు. ఇంత జరుగుతుంటే సూరీడమ్మ హాయిగా గుర్రు పెట్టింది.

మూడు గంటల వేళకు కొట్టు మైనంలో ఉన్న మెట్టు ముందుకు వంగింది. ఇంకాసేపటికి రాయి నేలకు ఆనింది. రెండోది వేసినది వేసినట్టే ఉంది. బంగారయ్య దాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. కదలలేదు. వంగిన ముద్దలోంచి చిన్న ముక్క గిల్లి నలిపి వాసన చూశాడు. "కొట్టోడు కొవ్వొత్తి మైనం కలిపేడు," అన్నాడు తనలో తానే. నలభై ఏళ్లుగా మైనం పట్టిన చెయ్యి అది. కొన్ననాడే గిల్లి చూసి ఉంటే సరిపోయేది. పేరు విని నమ్మేశాడు. తరువాత ఆ పేరునే తిట్టాడు.

సూరీడమ్మను పంతులమ్మే లేపింది.

"తప్పయిపోనాది తల్లీ," అన్నాడు బంగారయ్య.

"నా సెవిలో కాదు బాబూ. సంతలో ఎక్కడన్నారో అక్కడే అనండి."

ఆయన తల ఊపాడు. ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాడు. మైనం కరిగించడానికి తన మూకుడు తియ్యబోతే సూరీడమ్మ అడ్డుపడి నన్ను ముందుకు జరిపింది. నా జన్మలో మొదటిసారి బొగ్గుపొడి కలిసిన మైనం మోశాను. ఒరిగిన మెట్లన్నీ ఊడదీసి, పాత మైనం గీకేసి, కొత్తది అమర్చి, పంతులమ్మ మీటి చూపుతుంటే ఒక్కొక్క మెట్టునే జరుపుతూ రెండు రోజులు కూర్చున్నాడు. సూరీడమ్మ ఇంటికి కబురంపి అక్కడే ఉండిపోయింది.

మూడో రోజు పొద్దున పంతులమ్మ వీణను ఒడిలోకి తీసుకుని వాయించింది. ఆరేళ్లుగా మైనం అమ్ముతున్నా, వీణ వినడం సూరీడమ్మకు అదే మొదలు. గోడకు ఆనుకుని, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని, చివరి దాకా కదలకుండా వింది. అయ్యాక అడిగింది.

"ఈ పాటకి నా మైనం సేసీదేటమ్మా?"

"మెట్టును కదలకుండా పట్టుకుంటుంది. మెట్టు వెంట్రుకవాసి జరిగిందంటే నా వేలు సరైన చోటే ఉన్నా స్వరం తప్పుతుంది."

సూరీడమ్మ లేచి ఒక మెట్టును బొటనవేలితో నొక్కి చూసింది.

"అయితే సొరం తప్పదు. వాయించుకోండి," అంది.

ఆ తరువాతి మంగళవారం బంగారయ్య సంతకు వచ్చాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి కావడంతో మొదటిసారి ఎవరికీ వినబడలేదు. గొంతు పెంచి రెండోసారి చెప్పాడు. తవుడు లేచి దగ్గరికి వస్తే అతనికోసం మూడోసారి కూడా చెప్పాడు. పట్నం కొట్టాయనకు సూరీడమ్మ మళ్లీ బిళ్ల వెయ్యలేదు. ఆయన రెండుసార్లు కబురు పంపాడు. రెండుసార్లూ దేముడే వెళ్లి, లేదని చెప్పి వచ్చాడు. ఆ మాట చెప్పడంలో ఆయనకు చాలా సంతోషం కలిగినట్టు కనిపించింది.

మరి పదకొండేళ్లు పనిచేశాను. నిప్పు తిని తిని నా అడుగు పలచబడి చివరికి బొటనవేలు దూరేంత చిల్లి పడింది. సూరీడమ్మ ఒక స్టీలు గిన్నె కొంది. పాతసామాన్లవాడు వచ్చినప్పుడు నన్ను తీసి ఇవ్వబోయి, ఏమనుకుందో, పెరట్లో చూరు కింద రెండు వాసాల మధ్య బోర్లించి కట్టేసింది. నేనేమీ బాధపడలేదు. పని చేసినంతకాలం శుభ్రంగా చేశాను.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం నా అడుగు చిల్లి దగ్గరికి ఒక తేనెటీగ వచ్చింది. లోపలికి వెళ్లి గోడల మీద అటూ ఇటూ నడిచి, సొట్ట చుట్టూ తిరిగి, వాసన చూసి వెళ్లిపోయింది. మర్నాడు ఇరవై వచ్చాయి. మూడో రోజు గుంపు మొత్తం వచ్చి దిగింది. ఇన్నేళ్లూ కరిగిపోయే మైనాన్ని చూసినదాన్ని, ఇప్పుడు కట్టుకుంటున్న మైనాన్ని చూస్తున్నాను. తెల్లగా, కాగితంకన్నా పలచగా, రోజుకు బెత్తెడు కిందికి దిగుతోంది.

కొన్ని వారాలకు, రొద విని, పట్టు తియ్యడానికి దేముడు పొగ కుంపటి పట్టుకొచ్చాడు. సూరీడమ్మ చేతిలోని చేట కింద పెట్టి వచ్చి, తల పక్కకు వంచి, నా కిందికి చేరి చాలాసేపు చూసింది.

"పిల్లలున్నాయి. అవి ఎగిరినాక సూద్దారి," అంది. "నువ్వు ఆ కుంపటి ఇలగ ఇయ్యి."