ఆదివారం చెప్తానన్న జవాబు

శవపరీక్షల విభాగానికి ఆవిడే పెద్ద డాక్టరు. ఆ పని పేరెత్తితే చాలు, కుర్ర డాక్టర్లు ఆమడ దూరం పారిపోతారు. ముగ్గురు చేయాల్సిన చాకిరీ ఒక్కతే ఈడ్చుకొస్తోంది పాపం. చూసి చూసి విసిగి ఫోన్‌లో ఒక పేజీ తెరిచింది. మా పని చూడండర్రా, నచ్చితే వచ్చి చేరండి అని వీడియోలు పెట్టింది. నిజం చెప్పొద్దూ, ఆ పేజీ పుణ్యమా అని ఇద్దరు చేరారు కూడా. అక్కడిదాకా తప్పేమీ లేదు.

మొన్న సోమవారం ఒక ప్రశ్న పెట్టింది. నలభై నాలుగేళ్ల బస్సు డ్రైవరు. సాయంత్రం తలపోటంటే భార్య రెండు మాత్రలిచ్చింది. పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. ఎలా పోయాడు? గుండెపోటా, మాత్రలు వికటించాయా, మెదడులో రక్తనాళం చిట్లిందా? పక్కనే అతని చొక్కా ఫొటో. ముఖం లేదు, పేరు లేదు, ఇంకెవరు గుర్తుపడతారులే అనుకుంది. జవాబు ఆదివారం చెప్తానని ఊరించింది కూడా. పదకొండు వేలమంది ఎగబడి నొక్కారు. నూటికి డెబ్బై మంది మాత్రలే అన్నారు.

గురువారం పొద్దున్నే ఒకావిడ ఆఫీసు గది గుమ్మంలో నిలబడింది.

"మేడమ్, ఫోన్‌లో పెట్టిన ఆ చొక్కా మా ఆయనది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"తెల్ల గుండీల మధ్య ఒకటి ఆకుపచ్చది చూశారా? తెల్లది దొరక్క నేనే అది కుట్టాను. మా అమ్మాయి కంట పడింది. 'చూడు, ఇంతమంది ఏమంటున్నారో' అని నా మొహం మీద పెట్టింది."

తిడుతుందనుకుంది డాక్టరమ్మ. తిట్టినా బాగుండేది. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని గొంతు తగ్గించింది.

"ఆదివారం దాకా ఆగలేను మేడమ్. నేనూ మాత్రలే అని నొక్కాను. కరెక్టేనా?"

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అన్నారా! డాక్టరమ్మకి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

"కాదమ్మా. తలలో నరం చిట్లింది. మాత్రలకీ దానికీ ఏ సంబంధం లేదు."

"నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పట్లేదు కదా?"

"లేదమ్మా, ఒట్టు."

ఆవిడ రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి తేరుకుని అడిగింది.

"రిపోర్టు కోసం రెండు నెలలుగా తిరుగుతున్నాను. ఇంకా రాలేదనే అంటున్నారు. మీకు ఎప్పుడు తెలిసింది?"

రిపోర్టు ఆ బల్ల మీదే ఉంది, ఒక్క సంతకం కోసం. సంతకానికి ఎంతసేపు పడుతుంది? వీడియో కత్తిరించి పాట కలిపినంతసేపు పట్టదు కదా! నేరం ల్యాబు మీదికి తోసేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది.

"శవపరీక్ష చేసిన రోజే," అంది చివరికి.

ఆవిడ ఆ మొహంలోకి అలాగే చూసింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు కాబోలు.

"నాన్నని నువ్వే చంపావంటుంది మా అమ్మాయి. నా చేత్తో మంచినీళ్లిచ్చినా ముట్టదు." కూతురి నంబరు నొక్కి ఫోన్ డాక్టరమ్మ చేతిలో పెట్టింది. "నేను చెబితే నమ్మదు. మీరే చెప్పండి."

వేలమంది ముందు గలగలా మాట్లాడే డాక్టరమ్మ ఫోన్ చెవికి ఆనించుకుంది. అవతలి నుంచి ఆడపిల్ల గొంతు రెండుసార్లు విసుగ్గా "ఏంటి?" అంది.

"మీ నాన్నగారికి శవపరీక్ష చేసిన డాక్టర్నమ్మా. మీ అమ్మ తప్పేమీ లేదు. మాత్రల వల్ల కాదు, తలలో నరం చిట్లి పోయారు. నాకు ఆ రోజే తెలుసు. చెప్పకుండా ఉంచింది నేను."



"అమ్మకివ్వండి," అంది ఆ పిల్ల.