ఉచిత పళ్ళేనికి టిప్పు

పుట్టినరోజు పిల్లలకి ఆ హోటల్లో పాన్‌కేకులు ఉచితం. అందుకే ఆదివారం పొద్దున్నే మార్లిస్, ఎనిమిదేళ్ళు నిండిన కూతురు ఐయోన్‌ని డేటన్ ఊరి చివరనున్న ఆ హోటలుకి తీసుకొచ్చింది. పర్సులో పదకొండు డాలర్లున్నాయి. తన కాఫీకి మూడు, శుక్రవారం జీతం వచ్చేదాకా పెట్రోలుకి ఏడు. మిగిలిన ఒక్కటీ టిప్పు.

వడ్డించే గ్వెన్ ఆ లెక్క చెడగొట్టింది. అడక్కుండానే పాన్‌కేకు మీద కొవ్వొత్తి గుచ్చి, "ఏమే బంగారం, ఊదుతావా, నన్ను ఊదమంటావా?" అని ఐయోన్‌ని నవ్వించింది. మార్లిస్ కాఫీ కప్పుని కూడా గ్వెన్ నాలుగుసార్లు నింపింది. మళ్ళీ నింపినందుకు డబ్బు పడదు, టిప్పే పెంచాలి.

బిల్లులో పన్నెండు డాలర్ల పళ్ళేన్ని కొట్టేసి కాఫీ ఒక్కటే ఉంచారు. కొట్టేసినా టిప్పు మాత్రం ఆ పన్నెండునీ కలుపుకునే, అంటే మూడు డాలర్లైనా ఇవ్వాలి. ఆ సంగతి మార్లిస్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. లాడ్జిలో గదులు సర్దే పనిలో, ఎవరైనా టిప్పు వదిలారేమోనని ముందు దిండు వైపే చూస్తుంది తను.

"వెళ్దామా అమ్మా?"

"ఉండవే, కాఫీ ఉంది."

కప్పు ఎప్పుడో ఖాళీ అయింది. గ్వెన్ వంటగదిలోకి వెళ్తే నాలుగు డాలర్లు బల్ల మీద పెట్టి బయటపడాలని కాచుకుని కూర్చుంది.

గ్వెన్ వెళ్ళింది. మార్లిస్ లేచేలోపే ఏప్రన్ విప్పేసి, భుజాన సంచీతో తిరిగొచ్చింది.

"నా డ్యూటీ అయిపోయిందమ్మా. నా బల్లల డబ్బు నేనే కట్టించుకుని పోవాలి. తరుముతున్నాననుకోకు."

"అయ్యో, నా కోసమే ఆగారా?"

"పావుగంటేగా. కూర్చుంటే మళ్ళీ లేవలేనని కౌంటరు దగ్గర నిలబడే ఉన్నా."

మార్లిస్ పర్సు తెరిచింది. అయిదు డాలర్ల నోటు లోపలే ఉంచి, ఒక్కో డాలరు నోట్లు ఆరూ తీసి చేతిలో పెట్టింది.

"చిల్లర వద్దు."

గ్వెన్ నోట్లు చూసుకుంది. "ఉచితంగా తినేవాళ్ళు ఒక్క డాలరు పడేసి, నా మొహం చూడకుండా పారిపోతారమ్మా. నువ్వు నయం."

మార్లిస్ చెవులు వేడెక్కాయి.

పెట్రోలు బంకులో కౌంటరు దగ్గర, "రెండో పంపు, అయిదు డాలర్లకి," అంది.

"ఎప్పుడూ ఏడంటావు కదమ్మా?" అంది ఐయోన్.

"ఈ వారం అయిదే."

కారు స్టార్టు చేసి పెట్రోలు ముల్లు వైపు చూసింది. ఎర్రగీత దాటి కాస్త పైకి లేచి ఆగింది. గురువారం దాకా వస్తుంది. శుక్రవారం పొద్దున్న ఆరింటికి లాడ్జిలో ఉండాలి. నడిస్తే గంటన్నర.

నాలుగింటికే లేవాలి.