గడువుకు ముందే అందిన పుస్తకాలు

లైబ్రేరియన్ ఫోన్ చేసి నవ్వుతూ మొదలుపెట్టింది.

"మీ తమ్ముడిగారికి ఏమైందండీ? సూర్యుడు పడమట పొడిచాడా? మా పుస్తకాలు నలభై రెండూ ఒకేసారి పంపించేశారు. వచ్చే నెల ఇస్తానన్నవి కూడా!"

నాకు నవ్వు రాలేదు.

మా తమ్ముడు పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే పని. వాడు కుట్టిన పుస్తకం ఊడిందని ఎవరూ అనలేదు, చెప్పిన రోజుకు ఇచ్చాడని కూడా ఎవరూ అనలేదు. 'వాయిదాల మాస్టారు' అని వాడికి పేరు. పాతది ఇవ్వకముందే కొత్తది ఒప్పుకునేవాడు. నేను నడివయసులో అక్షరాలు నేర్చుకున్నదే వాడి దగ్గర గడువు దాటి పడి ఉన్న పుస్తకాల్లో. పుస్తకాలను అదిమిపెట్టే ఆ ఇనుప ప్రెస్సు ఖాళీగా ఉండగా నేను చూసింది ఒక్కసారే.

పదకొండేళ్ల కిందట, మరదలు పోయిన మూడో నెలలో. అప్పుడూ ఉన్న పనంతా వారంలో ముగించి అందరివీ అందరికీ ఇచ్చేశాడు. ఆ రోజు నేను చెప్పకుండా వాళ్లింటికి వెళ్లాను కాబట్టి వాడు మిగిలాడు. వెళ్లకపోతే లేడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పటిదాకా మూడో మనిషికి తెలియదు.

ఆరుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. వాడి ఇల్లు రెండు బస్సుల దూరం. ఏడోసారి వాడికి కాదు, పోలీసులకు చేశాను.

"ఏం జరిగిందమ్మా?" అన్నాడు అవతలి అబ్బాయి.

"ఏమీ జరగలేదు బాబూ. జరగకూడదనే చేస్తున్నా."

"మీ తమ్ముడు ఏమైనా అన్నారా? ఉత్తరం లాంటిది రాశారా?"

"లేదు. పుస్తకాలన్నీ టైముకి ఇచ్చేశాడు."

డెబ్బై నాలుగేళ్ల మనిషిని, నాకే సిగ్గేసింది. అయినా వదల్లేదు. "వాడి సంగతి మీకు తెలీదు బాబూ. టైముకి ఇచ్చే మనిషి కాదు. పని చేతిలో లేకుండా ఉండలేడు. ఇప్పుడు ఏమీ ఉంచుకోలేదు."

"ఇంతకుముందు ఎప్పుడైనా ప్రాణం తీసుకోబోయారా?"

ఒట్టు గుర్తొచ్చింది. "తెలీదు" అన్నాను.

"సరే, మావాళ్లను పంపిస్తాం. ఎలా ఉన్నారో చూసి రావడానికేనమ్మా. కంగారుపడకండి."

నేను టాక్సీలో చేరేసరికి వాడి గుమ్మం ముందు ఇద్దరున్నారు. ఒకరు గుబురు మీసాల పెద్ద కానిస్టేబులు. ఇంకొకరు ముప్పై ఏళ్లయినా లేని పోలీసమ్మాయి. తలుపు మీద వేళ్లతో మెల్లగా కొడుతూ, "సార్, మేం మిమ్మల్ని పలకరించి పోదామని వచ్చాం" అంటోంది.

"తలుపు పగలగొడతారా?" అన్నాను ఆయాసపడుతూ.

"ముందు పిలుద్దాం మామ్మగారూ. మనిషి పలికితే తలుపుతో మనకేం గొడవ?"

పలకలేదు కానీ తలుపు తెరుచుకుంది. వాడు గడ్డం నున్నగా గీసుకున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. మమ్మల్ని చూసి నవ్వుతూ, "ఏంటక్కా, ఈ ఊరేగింపు?" అన్నాడు. ఆ నవ్వు చూస్తే కానిస్టేబులుకు కూడా ఏమీ లేదని నమ్మకం కలిగినట్టుంది. నాకు భయం పెరిగింది.

లోపల ప్రెస్సు నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది. జిగురు గిన్నె తోమి బోర్లించి ఉంది. కోత కత్తిని కాగితంలో చుట్టి, దాని మీద పక్క వీధి బైండరు పేరు రాసి పెట్టాడు.

పోలీసమ్మాయి వాడు కూర్చున్నాకే కూర్చుంది. తిండి, నిద్ర అన్నీ అడిగింది. వాడు అన్నింటికీ చమత్కారంగా జవాబులిచ్చాడు. ఆ తర్వాత ఆ పిల్ల గొంతు మార్చకుండానే, "చచ్చిపోవాలని అనుకుంటున్నారా సార్?" అంది.

నేను అడ్డుపడ్డాను. "అదేంటమ్మా, అలా అడిగితే గుర్తుచేసినట్టు కాదూ?"

"అడిగితే రాదు మామ్మగారూ. ఉంటే బయటికొస్తుంది."

"అందరం ఎప్పుడో పోయేవాళ్లమే కదమ్మాయ్" అన్నాడు వాడు.

"ఎప్పుడో సంగతి కాదు సార్. ఈ వారం సంగతి అడుగుతున్నా."

వాడు చొక్కా అంచు సర్దుకున్నాడు.

"తర్వాత ఎవరి పని ఒప్పుకున్నారు?"

"ఎవరిదీ లేదు." చేతుల వంక చూసుకున్నాడు. "ఎవరి పుస్తకమూ నా దగ్గర లేదు. ఎవరూ వచ్చి వెతుక్కోనక్కర్లేదు."

"మీరు ఉండగా ఎందుకు వెతుక్కుంటారు సార్?"

వాడి ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం నిండిపోయాయి. పోలీసమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మీరు ఏ తప్పూ చేయలేదు. ఇది అరెస్టు కాదు. హాస్పిటల్‌కి వెళ్దాం. మీ అంతట మీరొస్తే నాకు సంతోషం. రానన్నా మిమ్మల్ని ఇలా వదిలేసి పోలేను. మూడు రోజులు ఉంచి చూస్తారు. ఆపైన ఉంచాలా, పంపాలా అనేది డాక్టర్లు తేలుస్తారు, నేను కాదు."

"నేను కదలను పొమ్మంటే?"

"అప్పుడూ ఇవే మాటలు చెప్తా. ఇంకాస్త ఎక్కువసేపు చెప్తా."

అరగంట చెప్పింది. వాడు లేచి చెప్పులేసుకున్నాడు. ఆ అరగంటా వాడు నా వంక చూడలేదు.

బయట ఎదురింటాయన గోడ మీద మోచేతులు ఆనించి, "ఏం చేశాడేంటి మాస్టారు?" అని అడిగాడు.

కానిస్టేబులు మీసం సర్దుకున్నాడు. "మా స్టేషన్‌లో రిజిస్టర్లు పీలికలైపోయాయి. కుట్టడానికి తీసుకెళ్తున్నాం. మీ దగ్గర చిరిగినవేమైనా ఉంటే ఇవ్వండి."

ఎదురింటాయన లోపలికి వెళ్లిపోయాడు. పోలీసమ్మాయి వెనక సీట్లో వాడి పక్కనే కూర్చుంది.

హాస్పిటల్‌లో వాడి బెల్టు తీసుకున్నారు. జేబులోంచి మైనం పూసిన నూలు ఉండ తీసుకున్నారు. "అది నా పనిముట్టమ్మా" అన్నాడు. "తెలుసు బాబాయ్, జాగ్రత్తగా పెడతా" అని నర్సు కాగితం మీద రాసుకుంది. వార్డు తలుపుకు బయటివైపు తాళం. కిటికీకి ఊచలు లేవు కానీ అద్దం తెరుచుకోదు. మొదటి రోజు అక్కడ నిలబడలేకపోయాను.

రెండు రోజులు వాడు నాతో పొడిపొడిగా మాట్లాడాడు. మూడో రోజు పొద్దున డాక్టరు రాకముందు నా చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"అక్కా, వాళ్లకి నామీద అనుమానమే కానీ ఆధారం లేదు. నిన్ను అడుగుతారు. ఎప్పుడూ అలాంటిది లేదు, అలసిపోయాడంతే అను. మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటా."

"ఇంటికెళ్లి ఏం చేస్తావురా?"

"ఏం చేస్తే నీకేం? ఒట్టేశావా లేదా?"

"వేశాను."

"మరింకేం? మాట తప్పావంటే నువ్వు నాకు అక్కవి కావు. జన్మలో నీ ముఖం చూడను."

అన్నంత పనీ చేసే మనిషి. నేను కన్నవాళ్లూ లేరు, నన్ను కన్నవాళ్లూ లేరు. తొమ్మిదో ఏట అమ్మను పోగొట్టుకున్నాను. పెళ్లయిన ఆరేళ్లకు ఆయన పొద్దున పనికి వెళ్లి, నిచ్చెన మీదినుంచి పడి తిరిగి రాలేదు. గుమ్మం దాకా వెళ్లి సాగనంపడమంటే ఇప్పటికీ నాకు భయం. మిగిలింది వీడొక్కడే.

డాక్టరు గదిలో మూడు కుర్చీలు. వాడు నాకెదురుగా కూర్చున్నాడు.

"వీరు బాగానే మాట్లాడుతున్నారు" అన్నాడు డాక్టరు. "ఇంటికి వెళ్తామంటున్నారు. నాకు మీ నుంచి ఒకటి తెలియాలి. ఇంతకుముందు ఎప్పుడైనా ప్రాణం తీసుకోబోయారా?"

వాడు నా కళ్లలోకే చూస్తున్నాడు. రెప్ప వేయలేదు. 'లేదు' అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. అది అంటే వీడు నాతో నవ్వుతూ బయటికొస్తాడు. టాక్సీలో పక్కనే కూర్చుంటాడు. వాడింటి గుమ్మం దగ్గర దిగుతాడు. ఆ పైన నాకు తోచలేదు. ఎంత ప్రయత్నించినా ఆ తలుపు లోపల వీణ్ని చూడలేకపోయాను.

"తీసుకోబోయాడు" అన్నాను. "పదకొండేళ్ల కిందట. అప్పుడూ ఇలాగే అన్నీ ఇచ్చేశాడు. నేనే చూశాను. ఇన్నాళ్లూ దాచాను."

వాడు అరవలేదు. లేచి నర్సుతో, "ఆవిణ్ని పంపించేయండి" అన్నాడు. 'మా అక్కని' అనలేదు.

తర్వాత రోజూ వెళ్లాను. రోజూ నర్సు బయటికొచ్చి తల అడ్డంగా ఊపేది. నేను వరండాలో బల్ల మీద గంట కూర్చుని వచ్చేదాన్ని. ఒకరోజు పోలీసమ్మాయి ఫోన్ చేసింది, ఎలా ఉన్నాడని.

"ఉన్నాడు. నా ముఖం చూడట్లేదు. నేను చేసింది తప్పా అమ్మాయ్?"

"నాకంత తెలీదు మామ్మగారూ. మేం వెళ్లేసరికి లోపలినుంచి ఎవరూ తీయని తలుపులు కూడా ఉంటాయి. అలాంటి రోజు ఇంటికెళ్లాక అన్నం తినబుద్ధి కాదు. మీ తమ్ముడింటి నుంచి వెళ్లిన రోజు తిన్నా."

పదకొండో రోజు నర్సు తల ఊపకుండా తలుపు తీసింది.

వాడు మంచం అంచున కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. చిక్కాడు. పక్కన కూర్చోమనలేదు, నేనే కూర్చున్నాను.

"ఒట్టు తప్పావు."

"తప్పాను."

"మళ్లీ అడిగితే?"

"మళ్లీ చెప్తా."

చాలాసేపు నేలకేసి చూశాడు. "ఆ డాక్టరు రోజూ తవ్వుతున్నాడు. నీ మరదలి సంగతి, ఆ రోజు సంగతి. ఎవరికీ చెప్పనివన్నీ చెప్పాల్సొస్తోంది. విసుగొస్తోందక్కా."

"విసుగైనా చెప్పు."

"చెప్తున్నాగా!" అని కసిరాడు. తర్వాత గొంతు దిగింది. "నువ్వు ఆ మాట అనకపోతే ఆ మధ్యాహ్నమే ఇంటికి వెళ్లేవాణ్ని. వెళ్లి..."

ఆగిపోయాడు. నేను అడగలేదు. వాడి వీపు మీద చెయ్యి వేశాను. తీసేయలేదు.

టైమైపోయిందని నర్సు వచ్చింది. నేను మోకాళ్లు పట్టుకుని లేస్తుంటే, వాడు గోడవైపు తిరిగే అన్నాడు.

"నాకు కోపం తగ్గలేదు."

"తగ్గనక్కర్లేదు."

"ఆదివారానికి కూడా తగ్గదు."

"సరే. ఆదివారం వచ్చి ఎంతుందో చూసి పోతా" అన్నాను.