వేళ్ళ పక్కనే బొటనవేలు

నేను ఒక ఇనుప హ్యాండిల్‌ని. పాతకాలపు కార్లకు ముందువైపు, బంపరు దగ్గర చిన్న కన్నం ఉండేది. బ్యాటరీ మొరాయించినప్పుడు నన్ను అందులో దూర్చి, ఇంజనుకు తగిలేదాకా నెట్టి, పైకి గుంజితే బండి లేచేది. లేచిన మరుక్షణం నన్ను ఊడలాగి డిక్కీలో పడేసేవారు. ఎన్నో ప్రయాణాలు నాతోనే మొదలయ్యాయి, ఒక్క దారినీ నేను చూడలేదు. బయలుదేరినవాళ్ళు తిరిగొస్తారో రారో అని, చీకట్లో స్టెప్నీ పక్కన పడి వినడమే నా బతుకు.

బండితో వచ్చిన హ్యాండిల్ ఎక్కడో జారిపోతే, సఖినేటిపల్లి రేవు దగ్గర కమ్మరి ఒకడు విరిగిన లారీ కడ్డీని కాల్చి, రెండు చోట్ల వంచి నన్ను చేశాడు. చేయించినవాడు టాక్సీ డ్రైవరు గవర్రాజు. భార్య పోయిన మనిషి. కూతురు తాయారును బడికి పంపే ముందు టాక్సీ స్టాండులోనే జడ వేసేవాడు. ఆ జడ మధ్యాహ్నానికే ఊడిపోయేది.

కారు పిచ్చి ఎలా పట్టిందని మనుషుల్ని అడిగితే తలొకటి చెబుతారు. ఒకరు రంగు అంటారు, ఒకరు వేగం అంటారు. కొందరికి పెట్రోలు వాసనతో పట్టిందట. కారు కొన్నాక అద్దాలు తుడుచుకుంటూ, దాన్ని తామే కనిపెట్టినట్టు మాట్లాడతారు. తాయారుకి మాత్రం అరచేతిలోంచి పట్టింది. ఆ అరచేతిలో ఉన్నది నేనే.

రెండో తరగతి చదువుతుండగా ఒక చలి పొద్దున, తండ్రి చేతి మీద చెయ్యి వేసి నన్ను పట్టుకుంది. ఇంజను మొండికేసింది. గవర్రాజు గుంజేసరికి లోపల ఏదో ఉలిక్కిపడి, దగ్గి, బండి మొత్తం వణికింది. ఆ వణుకు నాలోంచి పాకి ఆ పిల్ల మోచేతి దాకా వెళ్ళింది.

"నాన్నా, దీనికి పేణం వచ్చింది!"

"పేణం కాదే అమ్మడూ, పెట్రోలు. బొటనేలు చుట్టూ తిప్పకు, వేళ్ళ పక్కనే పెట్టు. ఇంజను ఎదురు తన్నిందంటే ఏలు ఇరిగిపోద్ది."

"నేనొక్కదాన్నే ఎప్పుడు గుంజుతాను?"

"నా మీసం నీకొచ్చినప్పుడు."

స్టాండులో అందరూ నవ్వారు. తాయారు నవ్వలేదు. ఆనాటి నుంచి రేవులోకి దిగే బండి ఎవరిదో తల ఎత్తకుండా, చప్పుడు విని చెప్పేది.

ఆమె పదో తరగతిలో ఉండగా, ఒక ఉదయం నరసాపురంలో పెళ్ళిచూపులకని ఒక కుటుంబం టాక్సీ కట్టించుకుంది. ముందురోజు నుంచీ గవర్రాజుకి ఎడమ చెయ్యి లాగేస్తోంది. రెండుసార్లు గుంజాడు, బండి లేవలేదు. చెమటలు పట్టి బంపరు మీద కూర్చుండిపోయాడు.

"మాకు వర్జ్యం వచ్చేత్తాదండీ బాబూ!" అని లోపలి నుంచి పెద్దాయన కేకేశాడు.

వేరే బండి చూసుకోమని గవర్రాజు నోటి దాకా వచ్చింది. ఈలోగా తాయారు నన్ను అందుకుంది. బొటనవేలు వేళ్ళ పక్కనే. ఒక్క గుంజు. ఇంజను అంటుకుంది.

గవర్రాజు కూతురి వంక చూసి మీసం తడుముకున్నాడు. రోజూ విసిరేసేవాడు, ఆ పూట నన్ను కండువాతో తుడిచి డిక్కీలో పడుకోబెట్టాడు.

అప్పట్లో పంటు మీద, అంటే పెద్ద బల్లకట్టు మీద, కార్లు ఎక్కించి గోదావరి దాటించేవారు. నది మీద ఇంజను ఆపేస్తారు. అవతలి ఒడ్డున గట్టు ఎక్కాలంటే మళ్ళీ నాతోనే పని. ఆ ఉదయం నది మధ్యలో డిక్కీ మీద చేరబడి, పంటు నడిపే సరంగు పోతురాజుతో గవర్రాజు అన్న మాట నాకు రేకులోంచి వినబడింది.

"ఒరే, ఇయ్యాల బండి ఎవరు లేపారో తెలుసా? మా తాయారు. ఒక్క గుంజుకే! ఇంక నాకేం బెంగ లేదురా."

తర్వాత రేకు మీద బరువు జారింది. పరుగులు, కేకలు. పంటు ఒడ్డుకు తగిలింది. నన్ను తీస్తారని ఎదురుచూశాను. డిక్కీ ఎవరూ తెరవలేదు.

"ఆ పూట బండి లేవకపోతే నా తమ్ముడు బతికుండేవోడు," అని మేనత్త సూరమ్మ వచ్చినవాళ్ళందరి దగ్గరా ఏడ్చింది. ఎవరు లేపారో ఆవిడకు తెలియదు. తెలిసిన పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది.

టాక్సీని అమ్మేశారు. కొన్నవాళ్ళు వచ్చే ముందు తాయారు నన్ను బియ్యం డబ్బాలో దాచింది. నేను లేకపోతే బండి కదలదనుకుంది. వాళ్ళు నలుగురు చేరి తోశారు. వీధి మలుపులో ఇంజను అంటుకున్న చప్పుడు బియ్యంలో కూరుకుపోయిన నాకూ వినబడింది. ఆ బండి ఏ ఊళ్ళో తుక్కు అయిందో తెలియదు. ఇప్పటికీ చలి పొద్దున్నల్లో నా కొసన ఇంజను ఉన్నట్టే ఉంటుంది.

చాలా ఏళ్ళు ఆమె పెట్టెలో చీరల అడుగున ఉన్నాను. భర్త భాస్కరం కారు కొన్నాడు. వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేది. చెవులు మూసుకోలేకపోయేది.

"బేరింగు పోయిందండీ, చూపించండి."

"ఇంత తెలిసినదానివి, ఒక్కసారి తాళం తిప్పవచ్చు కదా!"

"నా చేత్తో వద్దు."

భాస్కరం మరి అడగలేదు. ఒకసారి పెట్టె సర్దుతూ నన్ను చూసి, పాతకాలపు కారు హ్యాండిలేగా అనుకుని డిక్కీలో వేశాడు. ఆమె చూసింది గానీ తిరిగి తీయలేదు.

మొన్న నరసాపురం వెళుతూ అదే రేవులో పంటు ఎక్కారు. ముసలి పోతురాజు ఇప్పుడు పంటు నడపడు, ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఆమెను కాసేపు చూసి దగ్గరికి వచ్చాడు.

"నువ్వు మా గవర్రాజు కూతురివి కాదూ? దినాల్లో మీ మేనత్త ఏడుపు మధ్య చెప్పలేకపోయానమ్మా. ఆడి ఆకరి మాట నీ గురించే. మా తాయారు ఒక్క గుంజుకి లేపింది, ఇంక నాకేం బెంగ లేదురా అన్నాడు. నవ్వుతానే ఒరిగిపోయాడు."

ఇన్నేళ్ళు నేను మోసిన మాట. నాకు నోరు లేక ఆగిపోయిన మాట.

తాయారు డిక్కీ తెరిచింది. నన్ను తీసుకుని కారు ముందుకు వెళ్ళింది.

"మన కారుకి కన్నం లేదే, ఎక్కడ పెడతావు?" అన్నాడు భాస్కరం.

"తెలుసండీ."

గాలిలోనే ఒక్కసారి పైకి గుంజింది. నా కొసన ఏమీ లేదు. అయినా వణికాను. ఆ వణుకు నాదో, ఆమె చేతిదో చెప్పలేను.

పంటు ఒడ్డుకు తగిలింది. ఆమె నన్ను ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. భర్తను అడగకుండానే చెయ్యి చాపి తాళం తిప్పింది. భాస్కరం గేరు వేశాడు. గవర్రాజు ఎక్కకుండా మిగిలిపోయిన గట్టు ఎక్కాం. నేను దారి చూడటం అదే మొదలు. పైకి వచ్చాక ఆమె వెనక్కి తిరిగి, పంటు కనబడినంతసేపూ దాని వంకే చూసింది. నన్ను పట్టుకున్న చేతిలో బొటనవేలు వేళ్ళ పక్కనే ఉంది.